వేరులో దొంగను పట్టిన బట్లర్

పొగాకు నారుమడి చూసినవాళ్ళకి ఈ సంగతి తెలుసు. సాయంత్రం పచ్చగా ఉన్న నారు తెల్లారేసరికి మొదలు మెత్తబడి పడిపోతుంది. పీకితే వేరు కుళ్ళి చేతిలో జారిపోతుంది. దీన్నే నారుకుళ్ళు అనీ, మాగుడు తెగులు అనీ అంటారు. ఎండ దెబ్బ అనీ, దిష్టి అనీ ఎవరికి తోచింది వాళ్ళు చెప్తారు. అసలు కారణం నేలలో ఉండే బూజు. మన దేశంలో ఇలాంటి తెగుళ్ళ బూజుల్ని ఒక పద్ధతిగా వెతికి, పేర్లు పెట్టి, పుస్తకంలోకి ఎక్కించిన మహానుభావుడు సర్ ఎడ్విన్ జాన్ బట్లర్. భారతదేశంలో మొక్కల తెగుళ్ళ శాస్త్రానికి పితామహుడని ఈయన్నే అంటారు.

బట్లర్ 1874లో ఐర్లండ్ దేశంలో కిల్కీ అనే ఊళ్ళో పుట్టారు. అంతకు సుమారు 30 ఏళ్ళ కిందట, 1845 నుంచి ఆ దేశంలో బంగాళాదుంప పంటకి తెగులు వచ్చి, కరువులో సుమారు 10 లక్షల మంది చనిపోయారు. బట్లర్ కి చిన్నప్పుడు ఆరోగ్యం సరిగ్గా లేక బడి వదిలి ఇంటికి రావలసి వచ్చింది. అయినా చదువు ఆపలేదు. గ్రంథాలయంలో పుస్తకాలు తెచ్చుకుని చదివారు. తరవాత కార్క్ పట్టణంలో కాలేజీలో చేరి 1898లో వైద్యం ప్యాసయ్యారు. అక్కడ హార్టోగ్ అనే ప్రొఫెసరు వల్ల నీటి బూజుల మీద ఆసక్తి కలిగింది. అంతే, మనుషుల డాక్టరు కావలసినాయన మొక్కల డాక్టరు అయిపోయారు.

1901లో ఉద్యోగం మీద కలకత్తా వచ్చారు. 1905లో బీహారులోని పూసా వ్యవసాయ పరిశోధనా సంస్థకి మారారు. 1920 దాకా మన దేశంలోనే పనిచేశారు.

ఆయన పని ఎలాంటిదో కంది ఎండు తెగులు కథ చూస్తే తెలుస్తుంది. చేలో కంది బాగా ఎదిగి, పూతకొచ్చే వేళకి నిలువునా ఎండిపోయేది. నీళ్ళు లేక కాదు, పక్క మొక్క పచ్చగానే ఉండేది. ఎండిన వేర్ల మీద నియోకాస్మోస్పోరా అనే బూజు కనపడేది. అనుమానం దాని మీదికే పోయింది. బట్లర్ మాత్రం తొందరపడలేదు. దొంగతనం జరిగిన చోట నిలబడ్డవాడల్లా దొంగ కాదు కదా! చచ్చిన వేరు మీద తిండికోసం చేరే బూజులు చాలా ఉంటాయి. అందుకని జబ్బు వేర్ల నుంచి బూజుల్ని విడదీసి, దేనికది పెంచి, మంచి మొక్కలకి అంటించి చూశారు. నియోకాస్మోస్పోరా అంటించిన మొక్కలకి ఏమీ కాలేదు. ఫ్యుజేరియం అనే ఇంకో బూజు అంటించినవి ఎండిపోయాయి. దొంగ దొరికాడు! 1910లో దానికి ఫ్యుజేరియం ఊడం అని పేరు పెట్టారు. అది నేలలోనే ఉండి, సన్నవేర్ల గుండా లోపలికి దూరి, నీళ్ళు మోసే నాళాల్లోకి ఎక్కుతుంది. మొక్కకి దాహమేసి చచ్చిపోతుంది.

మన గోదావరి డెల్టాకి కూడా ఆయన మేలు చేశారు. అక్కడ తాడిచెట్లు మొవ్వు కుళ్ళి చచ్చిపోతుంటే పరీక్షించి, 1907లో ఆ తెగులు బూజుని వర్ణించారు. ఇప్పుడు దాన్ని ఫైటాఫ్తోరా పామివోరా అంటున్నారు. జబ్బు చెట్ల మొవ్వు నరికి కాల్చెయ్యడమే దానికి మందు అయ్యింది.

అదే 1907లో పితియం అనే బూజుల మీద పెద్ద గ్రంథం రాశారు. నారుని కుళ్ళబెట్టేవి ముఖ్యంగా ఇవే. తడి ఎక్కువైతే ఇవి తోకలున్న చిన్న బీజాలై నీళ్ళలో ఈదుకుంటూ వేరుని చేరతాయి. 1919లో ఎల్.ఎస్. సుబ్రహ్మణ్యం అనే శాస్త్రజ్ఞుడు అల్లం, పొగాకు, బొప్పాయి మొక్కల్ని కుళ్ళబెట్టే ఒక పితియంని వర్ణించి, గౌరవంగా పితియం బట్లెరి అని పేరు పెట్టాడు. ఇప్పటి శాస్త్రం పితియంని అసలు బూజుల్లో కాకుండా నీటి బూజులనే వేరే తెగలో పెడుతోంది. నారుమడిని ఎత్తుగా కట్టి, నీరు నిలవకుండా కాలవ తీసి, విత్తనం పల్చగా చల్లమనేది ఇందుకే. విత్తే ముందు మడి మీద చెత్త వేసి కాల్చేది కూడా నేలలోని బూజుని చంపడానికే.

1918లో బట్లర్ రాసిన మొక్కల తెగుళ్ళ పుస్తకం మన దేశపు పంటల మీద చాలాకాలం ఆధారమయ్యింది. 1920లో ఇంగ్లండ్ వెళ్ళి, క్యూలో కొత్తగా పెట్టిన బూజుల పరిశోధనా సంస్థకి మొదటి డైరెక్టరు అయ్యారు. 1939లో సర్ బిరుదు వచ్చింది. 1943లో కన్నుమూశారు.

మిత్రులారా! మనలో చాలామంది ఇళ్ళలో కంది వేస్తారు. సెలవులకి వెళ్ళినప్పుడు ఎండిన కంది మొక్క కనపడితే వేరుతో సహా పీకి, మొదట్లో బెరడు ఒలిచి చూడండి. లోపల నల్లటి చారలు ఉంటే అది ఎండు తెగులే కావచ్చు. అమ్మానాన్నలకి చూపించి, ఆ చేలో వచ్చే ఏళ్ళు కంది మాని జొన్న వెయ్యమని చెప్పండి. ఆకు వాడితే ఆకుకి మందు కొట్టడం కాదు, ముందు వేరు చూడాలి. బట్లర్ జీవితం మనకి నేర్పేది ఇదే.