రంజిత్ సింహజీ

కథియవాడము గుజరాతు ప్రాంతమున అరేబియా సముద్రములోనికి చొచ్చుకొనియున్న ద్వీపకల్పము. ఇంగ్లీషువారి పాలనకాలమున అచ్చట చిన్న సంస్థానములు పెక్కు ఉండెడివి. వానిలో నవానగర మొకటి. ఆ రాజవంశమునకు చెందిన ఒక కుటుంబమున, సదోదరు అను గ్రామమందు, 1872వ సంవత్సరము సెప్టెంబరు 10వ తేదీన రంజిత్ సింహజీ జన్మించెను. క్రికెట్టు ఆటలో లోకప్రసిద్ధి గాంచిన మొదటి భారతీయుడు ఈయనయే. ఆయనను అందరును ముద్దుగా రంజి యని పిలిచెడివారు.

రంజి పసివాడై యుండగనే నవానగర ప్రభువగు విభాజీ ఆయనను తన వారసునిగా ఎంచుకొనెను. కాని 1882లో విభాజీకి కుమారుడు కలిగెను. దానితో రంజికి సింహాసనముపై ఆశ సన్నగిల్లెను. రాజ్యము నిన్న తనదియై, నేడు పరాయిదైనది. అట్టి స్థితిలో ఆ బాలునకు ఊరట కలిగించినది రాజకోటలోని రాజకుమార కళాశాల. ఆ కళాశాల ప్రధానోపాధ్యాయుడు చెస్టరు మాక్నాటన్ అను ఆంగ్లేయుడు. ఆయన విద్యతోపాటు క్రికెట్టును కూడ శిష్యులకు శ్రద్ధగా నేర్పెడివాడు. రంజి ఆ ఆటలో తోడివారినందరిని మించెను. 1888లో మాక్నాటన్ రంజిని మరికొందరు విద్యార్థులతో కూడ ఇంగ్లండునకు తీసుకొనిపోయెను. కొంతకాలమునకు రంజి కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో చేరెను.

రంజికి ప్రకృతి ప్రసాదించిన బలములు రెండు. మొదటిది చూపు. బంతి బౌలరు చేతిని విడిచినంతనే అది ఎచ్చట పడునో, ఎట్లు లేచునో ఆయన కన్ను పసిగట్టెడిది. రెండవది మణికట్టు. తీగవలె వంగు ఆ మణికట్టుతో బ్యాటును కడపటి క్షణమున సయితము తాను కోరిన దిక్కునకు మరలింపగలిగెడివాడు. అయినను ఆయన ఆటలో ఒక పెద్ద లోపము కలదు. వేగముగ విసరిన బంతి తనమీదికి వచ్చునప్పుడు ఆయన కుడికాలు తనకు తెలియకయే వెనుకకు, పక్కకు తొలగిపోయెడిది. కాలు కదలినచో దేహము కదలును. దేహము కదలినచో వికెట్టునకు కాపు ఉండదు. రాజకోటలో ఈ లోపము పైకి తెలియలేదు. ఇంగ్లండులో గొప్ప బౌలర్ల యెదుట అది దాగలేదు.

రంజి ఆ లోపమును కప్పిపుచ్చుకొన యత్నింపలేదు. కేంబ్రిడ్జిలో డాన్ హేవార్డు అను అనుభవశాలి వద్ద సాధనకు పూనుకొనెను. హేవార్డు ఒక వింత ఉపాయము పన్నెను. రంజి కుడికాలు కదలకుండునట్లు దానిని నేలకు కట్టివైచెను! అటుపిమ్మట వేగముగ బంతులు వేయించెను. వెనుకకు తొలగుటకు వీలు లేదు. బంతి మీదికి వచ్చుట మానదు. అప్పుడు రంజి యెడమకాలిని అడ్డముగా ముందుకు చాచి, మణికట్టును తేలికగా త్రిప్పి, దేహమునకు తగులబోవు బంతిని వెనుకవైపు కాలిదిశకు జార్చివైచెడివాడు. బంతి తన వేగముతో తానే హద్దు చేరెడిది. దీనికే లెగ్ గ్లాన్సు అని పేరు. ఆ దెబ్బను అంతటి నేర్పుతో ప్రయోగించినవారు అంతకుముందు లేరు. భయము పుట్టించిన లోపమే సాధనచే ఆయనకు తిరుగులేని ఆయుధ మయ్యెను. ఈ సాధనకు ఆయన వృత్తి క్రీడాకారులకు వేతనములిచ్చి గంటల కొలది బంతులు వేయించుకొనెడివాడు.

ఇంత నేర్చినను విశ్వవిద్యాలయపు జట్టులో చోటు సులభముగ లభింపలేదు. ఒక భారతీయుని తమ జట్టులో చేర్చుకొనుటకు పలువురకు మనస్సొప్పలేదు. జట్టు నాయకుడగు స్టాన్లీ జాక్సన్ కూడ మొదట ఆయనను లెక్కసేయలేదు. రంజి మారుపలుకక ఆడుచునే యుండెను. తుదకు 1893లో జాక్సనే ఆయనను జట్టులోనికి తీసుకొనెను. ఆ యేట ఆక్స్‌ఫర్డుతో జరిగిన పోటీలో రంజి మిక్కిలి తక్కువ పరుగులు చేసి నిరాశ కలిగించెను. కాని అధైర్యపడలేదు. 1895లో ససెక్సు జట్టున చేరి మొదటి పోటీలోనే 77 పరుగులును, 150 పరుగులును చేసెను.

1896లో ఆస్ట్రేలియా జట్టు ఇంగ్లండునకు వచ్చెను. లార్డ్సులో జరిగిన మొదటి టెస్టునకు రంజిని ఎన్నుకొనలేదు. మాంచెస్టరులో జరిగిన రెండవ టెస్టునకు అచ్చటివారు ఆయనను పిలిచిరి. మొదటి ఇన్నింగ్సులో 62 పరుగులు చేసిన రంజి, రెండవ ఇన్నింగ్సులో 154 పరుగులు చేసి కడవరకు నిలిచెను. ఇంగ్లండు ఓడిపోయినను ప్రేక్షకులు రంజిని వేనోళ్ల పొగడిరి. 1897లో సిడ్నీ టెస్టునాటికి ఆయన కంఠవ్యాధితో బాధపడుచుండెను. అయినను దిగి 175 పరుగులు చేసెను. 1899లో ఒకే ఋతువున 3,159 పరుగులు చేసి, మూడువేల పరుగులు దాటిన మొదటి వ్యక్తి యయ్యెను. 15 టెస్టులలో ఆయన చేసిన పరుగులు 989.

అన్ని విషయములందును ఆయన ఇట్లు జయశీలి కాలేదు. ఆటలో లోపమును దిద్దుకొన్నవాడు వ్యయము విషయమున దిద్దుకొనజాలక అప్పులలో మునిగెను. 1902లో మూడు టెస్టులలో కలిపి 19 పరుగులే చేయుటచే ఇంగ్లండు జట్టున ఆయన స్థానము పోయెను. 1907లో నవానగర సింహాసనము ఆయనకు మరల లభించెను. 1915లో వేటలో జరిగిన ప్రమాదమున కుడికన్ను పోయినది. ఏ చూపు తన బలమో ఆ చూపే సగమైనది. అయినను 1920లో, నలుబదియేడేండ్ల వయస్సున, ఒంటికన్నుతో మరల ససెక్సు పక్షమున ఆడ సాహసించెను. ఈసారి సాధన ఆయనను గెలిపింపలేకపోయెను. భారతదేశపు క్రికెట్టు ఉన్నతికి ఆయన చేయదగినంత చేయలేదని కొందరు విమర్శించిరి. ఆ విమర్శ నిరాధారము కాదు.

1933వ సంవత్సరము ఏప్రిలు 2వ తేదీన రంజి పరమపదించెను. 1934లో ఆరంభమైన దేశీయ క్రికెట్టు పోటీకి ఆయన పేరుననే రంజీ ట్రోఫీ అని నామకరణము చేసిరి. 1938లో ఆ పోటీ తుది ఆటలో మన హైదరాబాదు జట్టు ఒక్క వికెట్టు తేడాతో గెలుపొందెను. ఓడిన జట్టు రంజి సొంత సంస్థానమగు నవానగరముదే. నేటికిని ఏటేట ఎందరో యువకులు ఆ పోటీలో ఆడుచున్నారు. వారిలో ప్రతివానికిని ఏదో ఒక లోపముండును. దానిని దాచవలెనా, కట్టుత్రాటితో నిలిపి జయింపవలెనా యన్నది ఎవరికి వారే తేల్చుకొనవలసినది. రంజి ఏ మార్గమును ఎంచుకొనెనో ఆయన ఆటయే చెప్పుచున్నది.