నిలోఫర్ అంటే చాయ్ ఒక్కటే కాదు

మా హాస్టల్లో నిలోఫర్ అంటే అందరికీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లే గుర్తొస్తాయి. మా బీర్పూర్‌లో మాత్రం ఆ పేరు వింటే గుండె జారుతుంది. పసిపిల్లను జగిత్యాల, కరీంనగర్ దాటించి హైదరాబాద్ తీస్కపొమ్మన్నారంటే నిలోఫర్ దవాఖానకే అన్నట్టు. మా తమ్ముడు తొమ్మిది నెలల పిల్లాడప్పుడు వాణ్ణి పట్టుకుని అమ్మ అక్కడ పదకొండు రోజులుంది. అది ఒక మనిషి పేరని నాకు మొన్నటిదాకా తెల్వదు.

ఆమె 1916లో ఇస్తాంబుల్‌లో, ఒట్టోమన్ రాజకుటుంబంలో పుట్టింది. చిన్నప్పుడే తండ్రి పోయాడు. 1924లో ఆ కుటుంబం మొత్తాన్ని టర్కీ నుంచి వెళ్లగొడితే తల్లితో ఫ్రాన్స్‌లోని నీస్ చేరింది. అక్కడే 1931లో ఏడో నిజాం రెండో కొడుకు మొజంజాతో పెళ్లయింది. మొజంజాహీ మార్కెట్ ఉంది కదా, అది ఈయన పేరు మీదే. అప్పటికి ఆమెకు పదిహేనేళ్లు. ఆ వయసులో నేను టెన్త్ మ్యాథ్స్‌కే ఏడ్చాను.

హైదరాబాద్ వచ్చాక పరదా వెనక కూర్చోలేదు. సభలకు వెళ్లింది, రెండో ప్రపంచ యుద్ధమప్పుడు నర్సు ట్రైనింగ్ తీసుకుంది. ఇక చీరలు! చీర తెలియని దేశంలో పుట్టి, చీరకట్టుకే పేరు తెచ్చింది. బొంబాయిలో మాధవదాస్ అనే ఆయన ఆమెకోసం ఎంబ్రాయిడరీ చేయించేవాడు. వాటిల్లో కొన్ని ఇప్పుడు న్యూయార్క్‌లో ఫ్యాషన్ మ్యూజియంలో ఉన్నాయి. నెట్‌లో వెతికితే ముందు ఈ ఫొటోలే వస్తాయి, దవాఖాన సంగతి ఎక్కడో కింద ఉంటుంది. నాకది నచ్చలేదు.

ఎందుకంటే అసలు కథ అక్కడుంది. ఆమెకు పిల్లలు కలగలేదు, యూరప్ డాక్టర్లకు చూపించుకున్నా. ఆ టైంలోనే ఆమె దగ్గర పనిచేసే రఫత్ అనే అమ్మాయి సరైన వైద్యం లేక కాన్పులో చనిపోయింది. ఇంకెవరికీ ఇలా కావద్దని నిలోఫర్ పట్టుబట్టింది. అలా రెడ్ హిల్స్‌లో తల్లులకు, పిల్లలకు దవాఖాన వచ్చింది. అది 1953లో మొదలయ్యేనాటికి ఆమె ఈ ఇంటి కోడలే కాదు. మొజంజా ఇంకో పెళ్లి చేసుకున్నాడు, 1952లో విడాకులయ్యాయి. తర్వాత పారిస్‌లో ఉండిపోయింది. 1963లో ఎడ్వర్డ్ పోప్ అనే అమెరికన్‌ను పెళ్లాడింది, 1989లో అక్కడే పోయింది.

మొన్న సెలవులకు ఇంటికి పోయినప్పుడు అమ్మకు ఫోన్‌లో ఆమె ఫొటో చూపించాను. చీర అంచు జూమ్ చేసి చూసి, పిల్లలెందరని అడిగింది. లేరని చెప్పాను. అమ్మ ఫోన్ తిరిగివ్వకుండా, చాలాసేపు ఆ ఫొటోనే చూసింది.