పల్లె బాగు కోరిన ప్రార్థన : బిషప్ అజరయ్య గారి జీవితం

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాలలో ఇంట తెలుగు, కచేరీలో కన్నడం వినిపించడం తరతరాలుగా ఉన్నదే. మరొకరి భాషను తమదిగా చేసుకొనుట ఎంతటి శ్రమయో, ఎంతటి భాగ్యమో ఇక్కడి బిడ్డలకు వేరుగా చెప్పనక్కర లేదు. ముప్పదియైదేండ్ల వయసులో తెలుగు అక్షరాలు దిద్ది, తెలుగు పల్లెల అభ్యున్నతికై జీవితాంతం పాటుపడిన తమిళుడు ఒకరున్నారు. ఆయనే వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు.

అజరయ్య గారు 1874 ఆగస్టు 17వ తేదీన తిరునెల్వేలి సీమలోని వెళ్ళాళన్‌విళై అను చిన్న గ్రామంలో జన్మించారు. తండ్రి ఆ పల్లెలోనే క్రైస్తవ గురువు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిన పిదప 1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేరి, దక్షిణదేశమంతటా తిరిగి యువకుల మధ్య పనిచేశారు. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని వివాహమాడారు. ఆమె ఆయనకు ఇల్లాలు మాత్రమే కాదు, తరువాతి కాలంలో పల్లె స్త్రీల మధ్య జరిగిన సేవలో సహధర్మచారిణి కూడ.

1902లో ఆయన సింహళంలోని యాళ్పాణం వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత ధనంతో, సొంత మనుషులతో ఇతర ప్రాంతాలకు సేవకులను పంపుట చూచి ఆయన మనస్సు కలతపడింది. ఎంతో కాలంగా క్రైస్తవం నెలకొన్న తమ తిరునెల్వేలి సంఘం పుచ్చుకొనుటే గాని ఇచ్చుట ఎరుగదే అను తలంపు ఆయనను వదలలేదు. ఆ వేదన ప్రార్థనగా మారింది, ప్రార్థన పనిగా మారింది. 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ, 1905 డిసెంబరు 25న శ్రీరాంపురంలో నేషనల్ మిషనరీ సొసైటీ వెలసినవి. రెండింటి స్థాపనలోను ఆయన ముఖ్యులు. భారతీయుల సేవ భారతీయుల చేతులతో, భారతీయుల ధనంతో జరుగవలెనన్నదే వాటి ఆశయం.

ఇతరులను పొమ్మని చెప్పి తాను ఆగిపోవుట ఆయనకు చేతకాలేదు. 1909లో కార్యదర్శి పదవిని విడిచి, గురుత్వాభిషేకం పొంది, నాటి నిజాం రాజ్యంలోని దోర్నకల్లుకు కుటుంబంతో సహా తరలివెళ్ళారు. కాలినడకన, ఎద్దుబండి మీద, సైకిలు మీద పల్లెలు తిరిగారు. మరుసటి సంవత్సరమే ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, పాశ్చాత్య మిషనరీలు భారతీయులకు ఉపకారులైనారే గాని స్నేహితులు కాలేకపోయినారన్న సత్యాన్ని జంకు లేకుండ ఎత్తిచూపారు. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ఆయన దోర్నకల్లు బిషప్‌గా అభిషిక్తులైనారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవిని అందుకొన్న తొలి భారతీయుడు ఆయనే.

ఆ పల్లెలలో ఆయన వద్దకు వచ్చినవారు అత్యధికులు మాల, మాదిగ వాడల కూలీలు. అక్షరం లేదు, సొంత భూమి లేదు, ఊరి బావిలో నీరు తోడుకొను హక్కు లేదు. అపరిశుభ్రత, రోగం, అప్పు, తాగుడు అనునవి వారిని పీడించు నాలుగు భూతాలని అజరయ్య గారు భావించారు. వీటిని పారద్రోలు పనికి ఆయన ఎన్నుకొన్న సాధనం పల్లె ప్రార్థన, దానిని నడుపు పల్లె ఉపాధ్యాయుడు.

పగలెల్ల పొలంలో కష్టించినవారు పొద్దుగూకిన తరువాత ఒకచోట చేరేవారు. చిన్న వాడలో ఎవరు రాలేదో అందరికీ తెలిసిపోతుంది. రానివాడు జ్వరంతో ఉన్నాడా, కల్లుపాక వద్ద ఉన్నాడా, పక్కింటివానితో తగవుపడి మొగం చాటేసినాడా అను విచారణ దానంతటదే వస్తుంది. వాక్యం చదువవలెనన్న కోరిక చదువుకు దారి తీస్తుంది. పదిమంది ఎదుట దేవునితో చెప్పుకొన్న మాట తప్పుటకు మనిషి వెనుకాడుతాడు. ఆ విధంగా ప్రార్థన గుడి గోడల మధ్య నిలిచిపోక వాడలోని ప్రతి గడపకు చేరింది. 1935 నాటికి ఆ అధ్యక్ష మండలంలో సుమారు 250 మంది భారతీయ గురువులు, 2,000 మందికి పైగా పల్లె ఉపాధ్యాయులు పనిచేస్తూ ఉండిరి. వైద్యశాలలు, సహకార సంఘాలు, ముద్రణాలయాలు కూడ ఏర్పడినవి.

మార్గం సుగమం కాలేదు. మాలలకు మాదిగలకు నడుమ ఉన్న ఎడం సంఘంలోనికి కూడ వచ్చింది. ఒకే దేవునికి మ్రొక్కి వేరువేరుగా కూర్చుండు ఆచారాన్ని మాన్పుటకు ఆయన ఎంతో ఓర్పుతో శ్రమించవలసి వచ్చింది. వెలుపలి నుండి విమర్శలు కూడ వచ్చినవి. అణగారిన వర్గాల మతమార్పిడిని మహాత్మాగాంధీ గారు ఆక్షేపించారు. తన విశ్వాసాన్ని తాను ఎన్నుకొను హక్కు అతి పేదవానికి కూడ ఉన్నదన్నది అజరయ్య గారి అభిప్రాయం. అయితే క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు కావాలన్న వాదాన్ని మాత్రం ఆయన అంగీకరించలేదు. తన వారు దేశ ప్రజలతో కలిసి నడువవలెను గాని విడిపోరాదని ఆయన కోరిక. 1939లో ప్రతిష్ఠితమైన దోర్నకల్లు ఎపిఫనీ దేవాలయం ఆ కోరికకు రాతిలో రూపం. హైందవ, ఇస్లామీయ శిల్పరీతులు అందులో క్రైస్తవ ఆరాధనకు నీడనిచ్చినవి.

వేరువేరు క్రైస్తవ సంఘాలు ఒకటి కావలెనని 1919లో తరంగంబాడి సమావేశం నాటి నుండి ఆయన కృషి చేశారు. ఆ ఫలితాన్ని కండ్లార చూడకయే 1945 జనవరి 1వ తేదీన దోర్నకల్లులో కన్నుమూశారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. లండన్ మిషనరీ సొసైటీ వారు చిక్కబళ్ళాపురంలో నెలకొల్పిన ఆసుపత్రి నేడు సి.ఎస్.ఐ. ఆసుపత్రిగా పిలువబడుటకు ఆ ఐక్యతయే కారణం. దోర్నకల్లుకు, మన సీమకు ఉన్న బంధుత్వం అది.

మతమేదైనను, పదిమంది మేలు కోరు ప్రార్థన పనిలోనికి దిగినప్పుడే సార్థకమని ఆయన జీవితం చెబుతున్నది. నేడు రానివాడు ఎవడు, ఎందుకు రాలేదు అని సాయంకాలం అడిగిన పల్లె క్రమంగా బాగుపడింది. ఉదయం హాజరు పట్టీ తెరచు ప్రతి ఉపాధ్యాయుడు, బిడ్డను బడికి పంపు ప్రతి తల్లి, తండ్రి, పెరిగి పెద్దవారై ఊరికి ఏమి చేయగలమా అని ఆలోచించు ప్రతి పూర్వ విద్యార్థి వేసుకోదగిన ప్రశ్న కూడ అదే.