నీలిరంగు పట్టిచ్చిన గుట్టు: యల్లాప్రగడ సుబ్బారావు

బయోటెక్ ల్యాబ్ ఫ్రిజ్‌లో చిన్న చిన్న గొట్టాల్లో యాంటీబాడీలు ఉంటాయి. ఒక్కోటి ఒక్కో ప్రోటీన్‌నే గుర్తుపట్టి అంటుకుంటుంది. వాటిలో ఒకటి డీహెచ్ఎఫ్ఆర్ అనే మనిషి ప్రోటీన్ కోసం. కణాల్లోని వేల ప్రోటీన్లను జెల్‌లో విడదీసి, పొర మీదికి ఎక్కించి ఈ యాంటీబాడీ పోస్తే, దాదాపు 21 వేల డాల్టన్ల దగ్గర ఒక గీత తేలుతుంది. క్యాన్సర్ పరిశోధకులు ఆ గీత ఎంత మందంగా ఉందో చూస్తారు. ఎందుకంటే మెథోట్రెక్సేట్ అనే మందు పోయి పట్టుకునేది ఈ ప్రోటీన్‌నే. ఆ మందు పుట్టిన ల్యాబ్‌ను నడిపించింది మన సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇంట్లో లేమి. చిన్నతనంలో కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుందామని ఇల్లు వదిలితే, అమ్మ వెంకమ్మ వెనక్కి తెప్పించింది. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు (బ్యాక్‌లాగ్‌లు ఉన్నవాళ్లు ఈ వాక్యం రెండుసార్లు చదువుకోవచ్చు). మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు సర్జరీ ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్ చేతికిచ్చారు.

స్ప్రూ అనే పేగుల జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములు కొద్దిరోజుల తేడాలో పోయారు. తనకూ అదే జబ్బు వస్తే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికారు. తర్వాత మామగారి సాయంతో అమెరికా వెళ్లారు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు ఏడాది నిండకముందే చనిపోయాడు. ఆ భార్యాభర్తలు మళ్లీ కలుసుకోలేదు. ఆయన గురించి గర్వంగా రాసేవాళ్లు ఈ మాటను ఒక్క లైన్‌లో దాటేస్తారు.

బోస్టన్‌లో పొట్టగడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల బెడ్‌పాన్‌లు కడిగారు. పగలు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే దగ్గర పని. రక్తంలో, కండలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలవాలి. ముందు ఆమ్లంతో ప్రోటీన్లను తీసేస్తారు. మిగిలిన ద్రవంలో మాలిబ్డేట్ కలిపితే అది ఫాస్ఫేట్‌తో జతకడుతుంది. ఆపైన ఇంకో రసాయనం పోస్తే నీలిరంగు తేలుతుంది. రంగు ఎంత చిక్కనైతే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. 1925లో అచ్చైన ఈ ఫిస్కే-సుబ్బారావు పద్ధతిని బయోకెమిస్ట్రీ విద్యార్థులు ఇప్పటికీ నేర్చుకుంటారు.

అసలు సంగతి ఆ తర్వాత జరిగింది. కండ నుంచి తీసిన నమూనాలో రంగు ఒక్కసారిగా తేలి ఆగడం లేదు, నిదానంగా చిక్కబడుతూ పోతోంది. రీడింగ్ తప్పొచ్చిందని పారబోస్తే అక్కడితో కథ అయిపోయేది. వాళ్లు ఆ ఆలస్యం ఎందుకో వెతికారు. ఆమ్లంలో మెల్లగా విరిగి ఫాస్ఫేట్‌ను వదిలే పదార్థం ఒకటి దొరికింది: 1927లో ఫాస్ఫోక్రియాటిన్. 1929లో ఏటీపీ. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా ఏటీపీని విడిగా కనుక్కున్నాడు.

అయినా హార్వర్డ్ శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లే కంపెనీకి మారారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. స్ప్రూకు అది పనిచేసింది, అన్నదమ్ములు పోయిన పాతికేళ్ల తర్వాత. ఈరోజు లింగాలలో ఆశా వర్కర్ గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండేది కూడా అదే ఫోలిక్ యాసిడ్. బోదకాలుకు ఇచ్చే డీఈసీ మాత్రా ఆ ల్యాబ్‌దే.

బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ఫోలిక్ యాసిడ్ తరహా పదార్థాలను ల్యుకేమియా పిల్లలకు ఇచ్చి చూస్తే, జబ్బు ఇంకా వేగంగా పెరిగింది. అలాగైతే దాన్ని అడ్డుకునేది ఇస్తే? సుబ్బారావు బృందం అమినోప్టెరిన్ చేసి పంపింది. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొన్నాళ్లపాటు తగ్గింది. 1948 జూన్‌లో ఆ వ్యాసం అచ్చైంది. ఆగస్టులో, 53 ఏళ్లకే సుబ్బారావు న్యూయార్క్‌లో గుండె ఆగి పోయారు. అమినోప్టెరిన్‌కు తమ్ముడి లాంటిదే మెథోట్రెక్సేట్.

ఆ మందులు కణంలో దేన్ని పట్టుకుంటాయో ఆయన బతికుండగా తేలలేదు. డీహెచ్ఎఫ్ఆర్ బయటపడింది 1950ల చివర్లో. 1978లో రాబర్ట్ షిమ్కీ బృందం ఎలుక కణాల్లో ఇంకో సంగతి చూసింది: మందుకు లొంగని కణాలు ఆ ప్రోటీన్ జన్యువుకు ఎన్నో నకళ్లు చేసుకుంటున్నాయి. ప్రోటీన్ పెరిగేకొద్దీ మందు చాలదు. యాంటీబాడీతో చూస్తే అలాంటి కణాల గీత మామూలు కణాల గీత కన్నా మందంగా ఉంటుంది.