క్రిస్టాఫ్ కీస్లోవ్‌స్కీ

క్రిస్టాఫ్ కీస్లోవ్‌స్కీ (జూన్ 27, 1941 - మార్చి 13, 1996) పోలండ్ దేశానికి చెందిన సుప్రసిద్ధ చలనచిత్ర దర్శకుడు, రచయిత. డెకలాగ్ ధారావాహిక, త్రీ కలర్స్ చిత్రత్రయం ఇతనికి అంతర్జాతీయ ఖ్యాతిని తెచ్చిపెట్టాయి. 1994లో, కీర్తి శిఖరాన ఉన్న సమయంలో, యాభై మూడేళ్ళు నిండకుండానే ఇక చిత్రాలు తీయనని ప్రకటించి ఇతడు సినీలోకాన్ని ఆశ్చర్యపరిచాడు. అంతకు పద్నాలుగేళ్ళ క్రితం ఇదే విధంగా డాక్యుమెంటరీ చిత్రాలకు కూడా దూరమయ్యాడు. ఈ రెండు విరమణల కారణాలను తెలుసుకొంటే ఇతని జీవితం, కళ రెండూ అర్థమవుతాయి.

బాల్యము, విద్యాభ్యాసము

కీస్లోవ్‌స్కీ వార్సా నగరంలో జన్మించాడు. తండ్రి ఇంజనీరు, క్షయ రోగి. ఆయన చికిత్స కోసం ఆ కుటుంబం తరచు ఊళ్ళు మారుతూ వచ్చి, చివరకు నైరుతి పోలండ్‌లోని సొకొలోవ్‌స్కో అనే ఆరోగ్యకేంద్ర పట్టణంలో స్థిరపడింది. ఆ ఊరి సినిమాహాలులో టిక్కెట్టు కొనేందుకు డబ్బు లేక, ఇతడు తోటి పిల్లలతో కలసి పైకప్పు ఎక్కి, గాలి కోసం అమర్చిన రంధ్రం గుండా తెరలో కనబడినంత భాగాన్ని చూసేవాడు.

పదహారవ ఏట వ్రోక్లా నగరంలో అగ్నిమాపక శిక్షణ పాఠశాలలో చేరాడు. అక్కడి క్రమశిక్షణ సరిపడక మూడు నెలలకే బయటకు వచ్చాడు. పిమ్మట వార్సాలోని రంగస్థల సాంకేతిక కళాశాలలో చదివి, కొంతకాలం ఒక నాటకశాలలో నటులకు దుస్తులు అందించే పని చేశాడు. నాటక దర్శకుడు కావాలన్నది అప్పటి కోరిక. అందుకు పైచదువు అవసరం గనుక లోడ్జ్ నగరంలోని ప్రఖ్యాత చలనచిత్ర కళాశాలకు దరఖాస్తు చేశాడు. రెండుసార్లు తిరస్కరింపబడి, మూడవ ప్రయత్నంలో, 1964లో, ప్రవేశం పొందాడు. ఈలోగా నాటకాలపై ఆసక్తి సన్నగిల్లి, వాస్తవ జీవితాన్ని చిత్రించాలన్న తపన పెరిగింది.

డాక్యుమెంటరీ చిత్రములు

ప్రభుత్వ ప్రచారంలో కనిపించే పోలండ్‌కు, ప్రజలు నిత్యం అనుభవించే పోలండ్‌కు మధ్య ఆ రోజులలో ఎంతో అంతరం ఉండేది. ఉన్నదానిని ఉన్నట్లుగా చూపడమే తన తరం దర్శకుల కర్తవ్యమని కీస్లోవ్‌స్కీ భావించాడు. కార్యాలయాలు, కర్మాగారాలు, ఆసుపత్రులు ఇతని చిత్రాలకు వస్తువులైనాయి. టాకింగ్ హెడ్స్ (1980) అనే లఘుచిత్రంలో పసిబిడ్డ మొదలు నూరేళ్ళ వృద్ధురాలి వరకు అనేకులను వయసు క్రమంలో చూపుతూ, ఎప్పుడు పుట్టారు, మీరెవరు, ఏమి కోరుకుంటున్నారు అనే మూడు ప్రశ్నలే అడిగాడు.

అయితే క్రమంగా ఇతనిలో ఒక సందేహం మొలకెత్తింది. ఫస్ట్ లవ్ (1974) కోసం పెళ్ళికి ముందే గర్భవతి అయిన ఒక యువతిని, ఆమె సహచరుని కొన్ని నెలలపాటు కెమెరాతో వెంబడించినపుడు, తన ఉనికి వారి జీవితాలను ప్రభావితం చేస్తున్నదని గ్రహించాడు. కఠిన భావాలు గల ఒక కాపలాదారుపై 1977లో తీసిన చిత్రం ఆ వ్యక్తికి హాని కలిగించగలదని, దానిని టెలివిజన్‌లో చూపవద్దని కోరాడు. మనిషి నిజంగా కన్నీరు కార్చే వేళ దానిని చిత్రించే హక్కు తనకున్నదా అన్న ప్రశ్న ఇతనిని వదలలేదు.

1980లో వార్సా రైల్వే స్టేషనుపై చిత్రం తీస్తుండగా పోలీసులు వచ్చి, తీసిన రీళ్ళను పట్టుకుపోయారు. ఒక యువతి తన తల్లిని హత్య చేసి, శరీర భాగాలను స్టేషనులోని సామాను పెట్టెలలో దాచిందని, ఆమె ఈ రీళ్ళలో ఉండవచ్చని వారి అనుమానం. రీళ్ళలో ఆమె కనబడలేదు. కానీ కీస్లోవ్‌స్కీ కలవరపడ్డాడు. కెమెరాను కొంచెం అటో ఇటో తిప్పి ఉంటే, తనకు తెలియకుండానే తాను పోలీసుల సాధనమయ్యేవాడు. ఆ తరువాత, 1988లో వార్సా నగరంపై తీసిన ఒక చిన్న చిత్రం మినహా, ఇతడు డాక్యుమెంటరీల జోలికి పోలేదు.

కథాచిత్రములు

కల్పిత కథలో ఏడ్చేది నటులు. అక్కడ ఎవరి ఆంతరంగిక జీవితమూ బజారున పడదు. ఈ కారణం చేతనే ఇతడు కథాచిత్రాల వైపు మరింతగా మొగ్గాడు. మాస్కో చిత్రోత్సవంలో అగ్ర బహుమతి పొందిన కెమెరా బఫ్ (1979) ఇతని స్వీయ సందేహానికే కథారూపం. అందులో ఒక కర్మాగార ఉద్యోగి తన పసికూతురును చిత్రించేందుకు కెమెరా కొంటాడు. అది వ్యసనమై సంసారం చెడుతుంది. అతని చిత్రం మూలంగా తోటి ఉద్యోగి పని పోగొట్టుకుంటాడు. చివరకు అతడు కెమెరాను తనవైపే తిప్పుకుంటాడు. ఈ పాత్రను యెజీ స్టూర్ పోషించాడు.

బ్లైండ్ చాన్స్ (1981)లో నాయకుడు రైలు అందుకోవడం, అందుకోలేకపోవడం అనే చిన్న సంఘటన ఆధారంగా అతని జీవితం మూడు విధాలుగా సాగుతుంది. 1981 డిసెంబరులో పోలండ్‌లో సైనిక శాసనం విధించడంతో ఈ చిత్రం నిలిచిపోయి, 1987లో గానీ విడుదల కాలేదు.

ఆ రోజులలోనే ఇతడు రాజకీయ ఖైదీల విచారణలను చిత్రించేందుకు న్యాయస్థానాలకు వెళ్ళాడు. విచిత్రమేమంటే, కెమెరా ఎదురుగా ఉన్నపుడు న్యాయమూర్తులు కఠిన శిక్షలు విధించేవారు కారు. ఇది గమనించిన న్యాయవాదులు తమ కేసులకు రమ్మని ఇతనిని కోరసాగారు. కొన్నిసార్లు ఫిల్ము లేని కెమెరానే అక్కడ నిలబెట్టవలసి వచ్చింది. ఈ సందర్భంలో పరిచయమైన న్యాయవాది క్రిస్టాఫ్ పీసీవిచ్ తరువాతి చిత్రాలన్నింటికీ సహరచయిత అయ్యాడు. వీరి తొలి చిత్రం నో ఎండ్ (1985). సంగీత దర్శకుడు జ్‌బిగ్నెవ్ ప్రైస్నర్ కూడా ఈ చిత్రంతోనే ఇతనికి జతకూడాడు.

డెకలాగ్

బైబిలులోని పది ఆజ్ఞల ఆధారంగా పోలిష్ టెలివిజన్ కోసం తీసిన పది చిత్రాల ధారావాహిక ఇది. ఒక్కొక్కటి దాదాపు గంట నిడివి గలది. వార్సాలోని ఒక అపార్టుమెంటు సముదాయంలో నివసించే సామాన్యుల ధర్మసంకటాలే ఇందలి కథలు. వీనిలో రెండింటిని పెంచి వెండితెరకు కూడా మలిచాడు. వాటిలో ఒకటైన ఎ షార్ట్ ఫిల్మ్ ఎబౌట్ కిల్లింగ్ (1988)లో ఒక యువకుడు టాక్సీ డ్రైవరును చంపడాన్ని, పిదప ప్రభుత్వం ఆ యువకుని ఉరితీయడాన్ని సమానమైన క్రూరత్వంతో చూపాడు. పోలండ్‌లో మరణశిక్షపై చర్చ జరుగుతున్న సమయంలో ఈ చిత్రం విడుదలైంది. ఆ దేశంలో చివరి ఉరిశిక్ష 1988లోనే అమలైంది. 1998లో మరణశిక్ష చట్టం నుండి తొలగింది.

త్రీ కలర్స్ చిత్రత్రయము

ది డబుల్ లైఫ్ ఆఫ్ వెరోనిక్ (1991)తో ఇతని చిత్రనిర్మాణం ఫ్రాన్సుకు విస్తరించింది. అటుపిమ్మట నిర్మాత మారిన్ కార్మిట్జ్ సహకారంతో, ఫ్రెంచి పతాకంలోని మూడు రంగులకు, స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అనే మూడు ఆదర్శాలకు సంబంధించి బ్లూ (1993), వైట్ (1994), రెడ్ (1994) చిత్రాలను తీశాడు. మూడింటి చిత్రీకరణ, కూర్పు ఎడతెరపి లేకుండా సాగాయి. ఒక చిత్రం పని ముగియకముందే మరొకటి మొదలయ్యేది.

రెడ్ చిత్రంలో జెనీవా నగరవాసి అయిన ఒక విశ్రాంత న్యాయమూర్తి ఇరుగుపొరుగుల టెలిఫోను సంభాషణలను రహస్యంగా వింటూ కాలం గడుపుతాడు. ఒక యువతి రాకతో ఆ పని మానుకొంటాడు. ఇతరుల జీవితాలను గమనించడమే వృత్తిగా గడిపిన దర్శకుని ఛాయను పలువురు విమర్శకులు ఈ పాత్రలో చూశారు.

విరమణ

1994లో రెడ్ ప్రదర్శన సందర్భంగా కీస్లోవ్‌స్కీ తన విరమణను ప్రకటించాడు. ఇకపై వార్సాలోని ఇంట్లో కూర్చుని చదువుకుంటూ, సిగరెట్లు కాల్చుకుంటూ గడుపుతానని, అందుకు సరిపడా డబ్బు తన వద్ద ఉన్నదని చెప్పాడు. దీనిని కొందరు చమత్కారంగా భావించారు. కానీ కారణాలు గంభీరమైనవి. ఆరేళ్ళలో పది టెలివిజన్ చిత్రాలు, ఆరు వెండితెర చిత్రాలు వెలువరించి తీవ్రంగా అలసిపోయాడు. సినిమా తీయడానికి కావలసిన ఓర్పు నశించిందన్నాడు. ఏళ్ళ తరబడి కల్పిత పాత్రల మధ్య బ్రతుకుతూ భార్యాబిడ్డలతో గడపవలసిన కాలాన్ని పోగొట్టుకున్నానన్న చింత కూడా ఉండేది. మనిషి అంతరంగాన్ని ఆవిష్కరించడంలో సాహిత్యం చేరగల లోతులకు సినిమా చేరలేదని ఇతని అభిప్రాయం. మొదటి విరమణలో ఇతరుల జీవితాలకు తన కెమెరా వలన కలిగే హాని గురించి ఆలోచించిన కీస్లోవ్‌స్కీ, రెండవ విరమణలో అదే కెమెరా తన జీవితం నుండి తీసుకొన్న దానిని లెక్కించుకొన్నాడని చెప్పవచ్చు.

మరణము, అనంతరము

విరమణ అనంతరం ఇతడు చలనచిత్ర విద్యార్థులకు పాఠాలు చెప్పాడు. రచనను మాత్రం పూర్తిగా మానలేకపోయాడు. పీసీవిచ్‌తో కలసి స్వర్గం, నరకం, పాపవిమోచన లోకం అనే మరో చిత్రత్రయానికి కథలు సిద్ధం చేయనారంభించాడు. ఆ పని పూర్తికాక ముందే గుండెజబ్బుకు లోనై, 1996 మార్చి 13న వార్సాలో శస్త్రచికిత్స అనంతరం, యాభై నాలుగేళ్ళ వయసులో మరణించాడు. నగరంలోని పొవాజ్‌కీ శ్మశానవాటికలో ఇతని సమాధి ఉన్నది. దర్శకులు దృశ్యాన్ని అంచనా వేసేటపుడు వ్రేళ్ళతో చట్రం పట్టినట్లుగా, రెండు చేతుల శిల్పం దానిపై అమర్చబడింది.

స్వర్గం కథను టామ్ టిక్వర్ హెవెన్ (2002) పేరుతోనూ, నరకం కథను డానిస్ తనోవిచ్ ఎల్'ఆంఫేర్ (2005) పేరుతోనూ చిత్రాలుగా తీశారు. బాల్యంలో పైకప్పు మీది నుండి సినిమాలు చూసిన సొకొలోవ్‌స్కోలో 2011 నుండి ఇతని స్మారకంగా చిత్రోత్సవం జరుపుతున్నారు.

ముఖ్యమైన పురస్కారములు

* 1979 - మాస్కో చిత్రోత్సవం, అగ్ర బహుమతి (కెమెరా బఫ్)
* 1988 - కాన్ చిత్రోత్సవం, జ్యూరీ బహుమతి (ఎ షార్ట్ ఫిల్మ్ ఎబౌట్ కిల్లింగ్)
* 1988 - యూరోపియన్ ఫిల్మ్ అవార్డు, ఉత్తమ చిత్రం (ఎ షార్ట్ ఫిల్మ్ ఎబౌట్ కిల్లింగ్)
* 1993 - వెనిస్ చిత్రోత్సవం, స్వర్ణసింహం (బ్లూ, రాబర్ట్ ఆల్ట్‌మన్ చిత్రం షార్ట్ కట్స్‌తో సంయుక్తంగా)
* 1994 - బెర్లిన్ చిత్రోత్సవం, ఉత్తమ దర్శకునిగా రజత భల్లూకం (వైట్)
* 1995 - ఆస్కార్ పురస్కారాలకు మూడు నామినేషన్లు: దర్శకత్వం, రచన, ఛాయాగ్రహణం (రెడ్)