హాల్డేన్ మహాశయుడు

అక్క కూతురినో మేనమామ కూతురినో పెండ్లాడడం ఆంధ్రదేశంలో తరతరాల ఆచారం. చోడవరం చేరువనున్న దేవరాపల్లి వంటి పల్లెలు మొదలు గోదావరి లంకల వరకు మేనరికమన్న మాట ఎవరికీ వింత కాదు. దీనిని ఆస్తిపాస్తుల దృష్టితో, వావివరుసల దృష్టితో చూచినవారు పెక్కుమంది. గణితదృష్టితో చూడవలెనని మన యువకులకు నేర్పినవారు, ఆంగ్లదేశంలో పుట్టి భారతపౌరులై మరణించిన జె. బి. ఎస్. హాల్డేన్.

ఆయన 1892 నవంబరు 5వ తేదీన ఆక్స్‌ఫర్డులో జన్మించినారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శ్వాసక్రియను పరిశోధించిన శాస్త్రజ్ఞులు. గనులలోని విషవాయువులను పరీక్షింపబోవునప్పుడు కుమారుని వెంటబెట్టుకొని పోయేవారు. తన దేహమే తన ప్రయోగశాల అనే పాఠం బాలునికి అక్కడనే అబ్బినది. పెద్దవాడైన తరువాత, రక్తంలో ఆమ్లగుణం హెచ్చితే ఏమగునో తెలుసుకొనడానికి అమోనియం క్లోరైడును నీటిలో కలుపుకొని త్రాగి, రోజుల తరబడి రొప్పినారు. విశ్వవిద్యాలయంలో ఆయన చదివినవి గణితమూ, గ్రీకు లాటిను సాహిత్యాలూ. విజ్ఞానశాస్త్రంలో పట్టమన్నది ఆయనకు లేనే లేదు. భాషల తరగతి విద్యార్థులను చిన్నచూపు చూచేవారు ఈ సంగతి గమనింపదగును.

హీమోఫీలియా అనే జబ్బులో గాయమైతే రక్తం సులభంగా గడ్డకట్టదు. ఇది ముఖ్యంగా మగపిల్లలకు వస్తుంది. ఆ కాలంలో వారిలో పెక్కుమంది సంతానం లేకుండానే మరణించేవారు. అంటే ప్రతి తరంలోనూ ఆ జన్యువులు కొన్ని నశిస్తున్నవి. అయినా జబ్బు తరగడం లేదు. ఎందువల్ల? నశించినన్ని కొత్తవి పుట్టుచుండవలెనని హాల్డేన్ తర్కించినారు. జన్యువులో హఠాత్తుగా కలిగే ఈ మార్పునే ఉత్పరివర్తనమంటారు. అది ఒక్కొక్క తరంలో సుమారు 50,000కు ఒకటి చొప్పున కలుగునని 1935లో ఆయన లెక్కగట్టినారు.

కొన్ని జన్యులోపాలు ఇంతకంటె గూఢమైనవి. మనలో దాదాపు ప్రతి జన్యువుకూ రెండు ప్రతులుంటవి. తండ్రినుండి ఒకటి, తల్లినుండి ఒకటి. ఒకటి చెడినా రెండవది పని నెగ్గించుకొని వస్తుంది. మనిషికి ఏ బాధా తెలియదు. అటువంటి వారిద్దరు దంపతులైతే, బిడ్డకు రెండూ చెడినవే సంక్రమించే అవకాశం ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒకటి. సిస్టిక్ ఫైబ్రోసిస్ ఈ కోవలోనిది. చెమట మితిమీరి ఉప్పగా ఉంటుంది. ఊపిరితిత్తులలో జిగురు కఫం పేరుకుంటుంది. క్లోమం చెడి, తిన్నది ఒంటబట్టక బిడ్డ చిక్కిపోతుంది. డొరతీ ఆండర్సన్ అనే వైద్యురాలు 1938లో దీనిని ప్రత్యేక వ్యాధిగా వర్ణించినారు. జన్యువు మాత్రం హాల్డేన్ గతించిన పాతికేండ్లకు, 1989లో గాని దొరకలేదు. అందులో ఇప్పటికి 2,000కు పైగా మార్పులు గుర్తింపబడినవి. అన్నీ ఒక్క తీరున బాధించవు. జన్యువు పనిని పూర్తిగా స్తంభింపజేసే మార్పు పసితనంలోనే పీడిస్తుంది. కొంత పని మిగిల్చేదైతే క్లోమం చెడకపోవచ్చు, వ్యాధి పెద్దతనంలో గాని బయటపడకపోవచ్చు. పాశ్చాత్య రోగులలో మిక్కిలిగా కనిపించే మార్పు భారతీయులలో అంత అధికం కాదు. ఇక్కడ అరుదైనవాటి పాలు హెచ్చు.

జన్యువు ఎంత అరుదైనదో, ఆ జబ్బు పిల్లల తల్లిదండ్రులలో రక్తసంబంధీకుల పాలు అంత హెచ్చుగా ఉంటుంది. మేనమామ మేనకోడళ్ల బిడ్డలో ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వికుని ఒకే ప్రతినుండి దిగివచ్చే అవకాశం ఎనిమిదింట ఒకటి; బావామరదళ్ల బిడ్డలో పదహారింట ఒకటి. దీనినిబట్టి మేనరికపు బిడ్డలందరూ రోగులని తలచరాదు. అత్యధికులు ఆరోగ్యవంతులే.

1957లో హాల్డేన్ లండను ఉద్యోగం విడిచి, భార్య హెలెన్ స్పర్వేతో కలకత్తాలోని భారత గణాంకశాస్త్ర సంస్థకు వచ్చినారు. దేశీయ వస్త్రాలు ధరించినారు, శాకాహారి అయినారు. పిఠాపురంలో జన్మించిన ద్రోణంరాజు కృష్ణ ఆయనకు శిష్యులైనారు. ఆంధ్రలో మేనరికాలెన్ని, వాటి ఫలితాలేమిటి అన్న పరిశోధనను ఆ శిష్యుడు మీరాఖాన్‌తో కలిసి సాగించి, 1960 తరువాతి సంవత్సరాలలో ప్రకటించినారు. పుస్తకాలలోని లెక్కకు మన ఇండ్లలోని పెండ్లిండ్లు ఆధారమైనవి.

1961లో హాల్డేన్ ఆ సంస్థను వీడినారు. మరుసటి ఏడు ఒరిస్సా ప్రభుత్వ సహాయంతో భువనేశ్వరంలో ప్రయోగశాల నెలకొల్పినారు. అంతలో క్యాన్సరు సోకినది. 1964 డిసెంబరు 1వ తేదీన కన్నుమూసినారు. ఆయన మరణశాసనం ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు చేర్చినారు. 1958లో వెలసిన ఆ కళాశాల అప్పటికి ఆరేండ్లది. అక్కడి విద్యార్థులు ఆ దేహంతో చదువుకొనవలెనన్నది ఆయన కోరిక.