బూట్లు కుట్టిన చేతులతోనే దైవసేవ

ఆదివారం మందిరంలో ఒకలా, సోమవారం ఆఫీసులో మరోలా బతికే బలహీనత మనలో చాలామందికి ఉంది. పని వేరు, భక్తి వేరనుకుంటాం. ఆ రెండింటినీ విడదీయని దైవజనుడు విలియం కేరీ.

1761లో ఇంగ్లండ్‌లోని పాలర్స్‌పరీ అనే పల్లెలో ఒక సాలెవాని ఇంట ఆయన పుట్టాడు. చిన్నతనంలోనే బూట్లు కుట్టే పనిలో చేరాడు. ఆ పని చేసుకుంటూనే లాటిన్, గ్రీకు, హెబ్రీ భాషలు నేర్చుకున్నాడు. పాస్టరయ్యాక సంఘమిచ్చే జీతం చాలకపోతే బూట్లు కుడుతూ, బడిలో పాఠాలు చెబుతూ కుటుంబాన్ని పోషించాడు. 1793లో మన దేశానికొచ్చి, మరుసటి ఏడాది బెంగాల్‌లో నీలిమందు ఫ్యాక్టరీ మేనేజరయ్యాడు. ఫ్యాక్టరీ పని చూసుకుంటూనే బైబిలును బెంగాలీలోకి అనువదించాడు. ఆ తర్వాత కలకత్తా ఫోర్ట్ విలియం కాలేజీలో బోధిస్తూ, వచ్చిన జీతంలో అధిక భాగాన్ని శ్రీరాంపూర్ మిషను పరిచర్యకే ఇచ్చేశాడు.

అయితే ఆయన ఇంట్లో కన్నీళ్లకు కొదవలేదు. భార్య డొరోతీ మొదట ఈ దేశానికి రానంది. బలవంతపెడితే చంటిబిడ్డతో ఓడెక్కింది. 1794లో అయిదేళ్ల కొడుకు పీటర్ జబ్బుతో చనిపోయాడు. ఆ దుఃఖంలో ఆమెకు మతి చలించింది. 1807లో కన్నుమూసేదాకా కోలుకోలేదు. పక్కగదిలో ఆమె కేకలు వేస్తుంటే కేరీ అనువాదం చేసుకునేవాడు. తండ్రి పనిలో మునిగిపోతే అదుపులేక పెరుగుతున్న కొడుకులను తోటి సేవకులు హన్నా మార్ష్‌మన్, విలియం వార్డ్ దారిలో పెట్టారు. పరిచర్య పేరుతో ఇంటిని మరిచిపోయే మనకు ఇదొక హెచ్చరిక. ఇతరుల పిల్లలను సొంతబిడ్డల్లా చూసుకోవడం కూడా గొప్ప పరిచర్యేనని హన్నా మనకు నేర్పుతుంది.

1812లో శ్రీరాంపూర్ ముద్రణాలయం అగ్నికి ఆహుతైంది. ఏళ్ల తరబడి రాసిన ప్రతులు బూడిదయ్యాయి. అందులో మన తెలుగు వ్యాకరణమూ ఉంది. కేరీ దేవుని మీద సణగలేదు, మళ్లీ మొదటినుంచీ రాయడం మొదలుపెట్టాడు. 1814లో ఆ వ్యాకరణం, 1818లో తెలుగు కొత్త నిబంధన శ్రీరాంపూర్‌లోనే అచ్చయ్యాయి. తెలుగు బైబిలు తెరిచే మనం ఆ కష్టానికి ఎంతో రుణపడి ఉన్నాం.

1829 డిసెంబరులో ఒక ఆదివారం, సతీసహగమనాన్ని నిషేధించే ఉత్తర్వు బెంగాలీ అనువాదం కోసం ఆయన చేతికొచ్చింది. ఆలస్యమైతే ఇంకెందరు స్త్రీలు చితిమీద కాలిపోతారోనని, ప్రసంగాన్ని మరొకరికి అప్పగించి సాయంత్రానికల్లా ఆ పని ముగించాడు. ఆ రోజు ఆయన రాతబల్లే ఆయనకు బలిపీఠమైంది.

1834లో కేరీ ప్రభువునందు నిద్రించాడు. మనందరినీ దేవుడు మిషనరీలుగా పంపకపోవచ్చు. కాని కుట్టుమిషను, వంటగది, పొలం, ఆఫీసు బల్ల... ఏది అప్పగించినా అక్కడ నమ్మకంగా ఉండమన్నదే ఆయన పిలుపు. ఇంట్లోవారి కన్నీళ్లు తుడవడం కూడా ఆ పిలుపులో భాగమే. ఈ వారం మన పనిస్థలమే మన సాక్ష్యమగును గాక!